డాలస్ వస్తున్నాం: ఫ్రిస్కోనా, కొపెలా, సౌత్‌లేకా?

జెర్సీ_మూర్తి

అందరికీ నమస్కారం. నా ఉద్యోగం ప్లేనోలో లెగసీ వైపున్న ఆఫీసుకి మారుతోంది. వేసవి సెలవుల్లో మేమూ దిగాలి. ఇప్పుడుంటున్నది న్యూజెర్సీలో, ఈడిసన్ పక్కన. అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి మూడు. బడ్జెట్ ఏడు లక్షల డాలర్లు, కష్టపడితే ఎనిమిది. నాది హెచ్1బి, ఐ-140 (గ్రీన్‌కార్డు పిటిషన్) అయింది, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో చేరిన తేదీ) 2016. గ్రీన్‌కార్డు ఎప్పుడని మాత్రం అడక్కండి.

మూడు ఊళ్ళ దగ్గర ఆగాం. ఫ్రిస్కోలో చుట్టాలున్నారు, రోజూ ఫోన్ చేసి వచ్చేయమంటున్నారు. కొపెల్ స్కూళ్ళ గురించి అందరూ మంచిగానే చెప్తున్నారు. సౌత్‌లేక్ సంగతి మా మేనేజర్ చెప్పాడు. అక్కడి ధరలు చూశాక కళ్ళు తిరిగాయి గానీ ఏదో ఒక పాత ఇల్లు దొరక్కపోతుందా అని ఆశ.

రేటింగులు, టెస్టు మార్కులు నేనూ చూసుకోగలను. వాటిలో కనపడని సంగతులు చెప్పండి. ఊరి వాతావరణం ఎలా ఉంటుంది? రాజకీయంగా మాలాంటి వాళ్ళకి ఇబ్బంది లేని ఊరు ఏది? సౌత్‌లేక్ పేరెత్తితేనే మా ఆవిడకి టెన్షన్.

పుల్లట్టు

రాజకీయంగా అంటే టీడీపీనా, వైసీపీనా, జనసేనా? ముందది తేల్చండి. ఇక్కడ అన్నిటికీ అభిమాన సంఘాలున్నాయి.

జెర్సీ_మూర్తి

అవి ఈడిసన్‌లోనూ ఉన్నాయండీ, అలవాటైపోయింది. నేనడిగేది అమెరికా రాజకీయం.

ప్లేనో_పాతకాపు

మూర్తి గారూ, ముందు ఒక సంగతి. టెక్సస్‌లో ఊరు వేరు, స్కూల్ జిల్లా వేరు. న్యూజెర్సీలోలా ఊరి పేరు చూసి స్కూలు ఊహించుకోకండి. ఫ్రిస్కో అడ్రసు ఉండి కూడా ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీల్లోకి (స్కూల్ జిల్లాల్లోకి) పోయే ఇళ్ళున్నాయి. అలాగే ప్లేనో, మెకినీ అడ్రసులున్న కొన్ని కాలనీలకి ఫ్రిస్కో ఐఎస్‌డీ వస్తుంది. కొపెల్ ఐఎస్‌డీ అయితే ఇర్వింగ్‌లోని వ్యాలీ రాంచ్ దాకా, డాలస్ నగరంలోని సైప్రెస్ వాటర్స్ దాకా ఉంటుంది. సౌత్‌లేక్‌ది క్యారల్ ఐఎస్‌డీ, కానీ కొన్ని వీధులు అందులో ఉండవు, కెల్లర్‌కో గ్రేప్‌వైన్-కాలీవిల్‌కో పోతాయి. రియల్టర్ నోటిమాట నమ్మకుండా ఐఎస్‌డీ వెబ్‌సైట్‌లో ఇంటి అడ్రసు కొట్టి చూసుకోండి.

ఇక రాజకీయం. గర్భస్రావం మీద నిషేధం, తుపాకుల చట్టాలు, ప్రైవేటు స్కూళ్ళకి ప్రభుత్వం డబ్బిచ్చే వోచర్లు, క్లాసు గోడ మీద పది ఆజ్ఞల పోస్టరు (2025లో చట్టం చేశారు, వెంటనే కోర్టులకెక్కింది), ఇవన్నీ రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో తేలతాయి. ఫ్రిస్కోలో ఉన్నా సౌత్‌లేక్‌లో ఉన్నా మీకు ఒకటే. ఊరు మారితే మారేవి రెండే: స్కూల్ బోర్డు, సిటీ కౌన్సిల్. ఏ ఊరు మనకి పడుతుంది అన్న ప్రశ్నకి నా లెక్కలో అర్థం, ఏ స్కూల్ బోర్డుతో మనం బతకగలం అని. బ్లూ (డెమోక్రాట్) కౌంటీ, రెడ్ (రిపబ్లికన్) కౌంటీ మ్యాపులు చూసి ఇల్లు కొన్నవాళ్ళని చూశాను. ఆ మ్యాపు పేరెంట్ మీటింగులో పనికిరాదు.

ఫ్రిస్కో_బాబాయ్

ఇంత ఆలోచన ఎందుకు మూర్తి గారూ? ఫ్రిస్కో వచ్చేయండి. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, కూరగాయల కొట్లున్నాయి, పిల్లలకి మనబడి, కూచిపూడి, కర్ణాటక సంగీతం అన్నీ పక్కవీధిలోనే. మీ ఆఫీసుకి టోల్‌వే మీద దగ్గర. మా వీధిలో అందరూ మనవాళ్ళే, తాళంచెవి మర్చిపోయినా ఎవరో ఒకరింట్లో కాఫీ తాగుతూ కూర్చోవచ్చు.

స్కూళ్ళ సంగతికొస్తే ఫ్రిస్కో ఐఎస్‌డీ కావాలనే చిన్న హైస్కూళ్ళు కట్టింది. పన్నెండున్నాయి. పక్కనున్న ఆలెన్‌లో ఊరంతటికీ ఒకే హైస్కూలు, ఐదు వేలమందికి పైగా పిల్లలు, 2012లో ఆరు కోట్ల డాలర్లు పోసి స్టేడియం కట్టారు. మా దగ్గర ప్రతి పిల్లకీ టీములోనో, బ్యాండులోనో, ఆర్కెస్ట్రాలోనో చోటు దొరుకుతుంది.

వరంగల్_పోరడు

బాబాయ్ చెప్పింది నిజమే గానీ సగమే చెప్పిండు. అదే వీధిలో మీ అమ్మాయికి ఆల్జీబ్రాలో ఎంత వచ్చిందో సాయంత్రానికల్లా నలుగురికి తెలుస్తది. రోబోటిక్స్, డిబేట్, ఎస్ఏటీ కోచింగ్, శనివారం ఆదివారం ఖాళీ ఉండదు. బతుకమ్మకి పూలు దొరికే ఊళ్ళో ఉండడం నాకిష్టమే. పోటీ భరించే గుండె ఉండాలె, అంతే.

డ్రాగన్_నాన్న

సౌత్‌లేక్ నుంచి రాస్తున్నాను. మా ఇద్దరు పిల్లలూ ఇక్కడే చదివారు. ఇక్కడి సంగతులు దేశమంతా చూసింది కాబట్టి దాచేదేమీ లేదు.

2018లో కొందరు విద్యార్థులు నల్లవాళ్ళని తిట్టే మాటని గట్టిగా అరుస్తూ తీసిన వీడియో బయటికొచ్చింది. ఆ తర్వాత జిల్లా వాళ్ళు తల్లిదండ్రులతో, విద్యార్థులతో కమిటీ వేసి 2020లో జాతి వివక్ష తగ్గించడానికి కల్చరల్ కాంపిటెన్స్ ప్లాన్ అని ఒకటి తయారుచేశారు. దాని మీద ఊరు రెండుగా చీలింది. ఆ ప్లాన్‌ని వ్యతిరేకించేవాళ్ళు సౌత్‌లేక్ ఫ్యామిలీస్ అనే ప్యాక్ (ఎన్నికల ప్రచార సంఘం) పెట్టి డబ్బు సేకరించి 2021 మే ఎన్నికల్లో దాదాపు 70 శాతం ఓట్లతో గెలిచారు. అదే ఏడాది చివర్లో కోర్టు కేసు రాజీతో ప్లాన్‌ని పక్కన పడేశారు. 2023లో టెక్సస్ స్కూల్ బోర్డుల సంఘం నుంచి కూడా జిల్లా బయటికొచ్చేసింది. దేశంలో తర్వాత చాలాచోట్ల జరిగిన స్కూల్ బోర్డు గొడవలకి ఇదే నమూనా అయింది.

నా అనుభవం అడిగితే, మమ్మల్ని ఎవరూ అవమానించలేదు. పక్కింటివాళ్ళు మర్యాదస్తులు. టీచర్లు చాలా గట్టివాళ్ళు. శుక్రవారం సాయంత్రం ఊరు ఊరంతా ఫుట్‌బాల్ స్టేడియంలో ఉంటుంది. క్యారల్ డ్రాగన్స్ ఎనిమిదిసార్లు రాష్ట్ర చాంపియన్లు, ఆ గర్వం కిరాణా కొట్టులో కూడా కనపడుతుంది. మా చిన్నవాడు బ్యాండ్‌లో చేరాక గానీ మేం ఈ ఊరివాళ్ళం కాలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను: ఇక్కడ స్కూల్ బోర్డు రాజకీయం గురించి ఏమీ పట్టనట్టు ఉండటం కుదరదు. వీధి వీధికీ బోర్డులు పాతుతారు, మీరు ఎటువైపని అడుగుతారు. వీసా మీద ఉన్నామని చెప్పి తప్పించుకోవచ్చేమో గానీ పిల్లలు తప్పించుకోలేరు.

ఏడెనిమిది లక్షలకి ఇక్కడ ఇల్లు దొరకదని కాదు. దొరికినది క్యారల్ ఐఎస్‌డీలో ఉండకపోవచ్చు, లేదా కొన్నాక పైకప్పు నుంచి పునాది దాకా బాగుచేయించాల్సి రావచ్చు.

సుధ_కొపెల్

మూర్తి గారూ, మా కొపెల్‌లో గొడవలే లేవని ఎవరైనా చెప్తే నమ్మకండి. 2025లో టెక్సస్ అటార్నీ జనరల్ మా జిల్లా మీదే దావా వేశాడు, క్రిటికల్ రేస్ థియరీ (జాతి వివక్ష చట్టాల్లో, వ్యవస్థలోనే పాతుకుపోయిందనే సిద్ధాంతం) బోధిస్తున్నారని ఆరోపణ. కాకపోతే ఇది పైనుంచి వచ్చిన గొడవ, ఊళ్ళో పుట్టింది కాదు. అదే తేడా.

మా ఊళ్ళో అసలు గొడవ స్కూలు మూసివేత గురించి. పింకర్టన్ ఎలిమెంటరీ మూసేశారు. అప్పుడు బోర్డు మీటింగులకి జనం పోటెత్తారు. ఇళ్ళ ధరలు పెరిగిపోయి చిన్నపిల్లలున్న కుర్ర కుటుంబాలు కొనలేకపోతున్నాయి, పిల్లలు తగ్గిపోతున్నారు. పైగా రాష్ట్రం ఒక్కో విద్యార్థికి ఇచ్చే బేసిక్ అలాట్‌మెంట్ 2019 నుంచి 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2025లో పెంచింది 55 డాలర్లు. మిగతా డబ్బు జీతాలకనీ ఇంకోదానికనీ విడివిడిగా ఇచ్చారు గానీ జిల్లాల చేతిలో మిగిలింది తక్కువే. డబ్బున్న జిల్లా అనుకుంటాం కదా, రాబిన్ హుడ్ పద్ధతి 1993 నుంచి ఉంది: ఆస్తి విలువ ఎక్కువున్న జిల్లాల నుంచి పన్నులో కొంత రాష్ట్రం తీసేసుకుంటుంది.

కొపెల్ మాత్రమే కాదు, ప్లేనో నాలుగు స్కూళ్ళు మూసింది, ఫ్రిస్కో కూడా స్టేలీ మిడిల్ స్కూల్ మూసేయాలని తేల్చింది. నా మాటగా చెప్తున్నాను, పార్టీల కన్నా ఇది ముఖ్యం. మీ అబ్బాయిది మూడో క్లాసు. వాడు వెళ్ళే ఎలిమెంటరీలో పిల్లలు పెరుగుతున్నారా తగ్గుతున్నారా అని అడగండి. ఏ రేటింగ్ సైటూ ఆ మాట చెప్పదు.

టాక్స్_కడుతున్నవాడు

ఒక మాట నేనూ అంటాను. నేను పౌరుణ్ణి, ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో) రిపబ్లికన్ బ్యాలెట్ తీసుకుంటాను. ఇక్కడ చర్చ మొదలైన దగ్గర్నుంచి సౌత్‌లేక్ వాళ్ళని బూచివాళ్ళుగా చూపిస్తున్నారు. తల్లిదండ్రులు తమ పిల్లలకి ఏం నేర్పాలో మాట్లాడితే తప్పా? నా దృష్టిలో బోర్డు లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చూసుకుంటే చాలు. ఫ్రిస్కోలో 2022లో ఇద్దరు కన్జర్వేటివ్ అభ్యర్థులు బోర్డులోకి వచ్చారు, ఆకాశం కూలలేదు.

కాలిన్ కౌంటీలో 2012లో రోమ్నీకి 65 శాతం వచ్చింది, 2020లో ట్రంప్‌కి 51. అంటే ఇక్కడి రిపబ్లికన్‌లందరూ ఒకలాంటివాళ్ళు కాదు. పన్ను తక్కువ, రోడ్లు బాగు, చదువు బాగు అని వేసే ఓటు కూడా ఉంది.

సుధ_కొపెల్

బూచి అనలేదండీ, జరిగింది డ్రాగన్ నాన్న గారే చెప్పారు. 2022 చివర్లో ఫ్రిస్కో బోర్డు పిల్లలు పుట్టినప్పటి లింగాన్ని బట్టే బాత్‌రూములు వాడాలని పాలసీ చేసింది, దానికి లెక్కలతో సైన్సుతో సంబంధం ఏముంది? అయినా మీ మాటలో ఒకదానితో ఏకీభవిస్తాను. ఆ ఓట్లు ఎంతమంది వేశారు? మే నెలలో స్కూల్ బోర్డు ఎన్నికలకి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. ఫ్రిస్కోలో పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు వేలల్లో ఉన్నారు. నవంబరులో సెల్ఫీ పెట్టి, మేలో ఎన్నికలున్నట్టే తెలియదంటారు.

టాక్స్_కడుతున్నవాడు

అది నిజం, కాదనను. 2024 నవంబరులో ఫ్రిస్కో ఐఎస్‌డీ పన్ను రేటు పెంచుకుంటామని అడిగితే ఓటర్లు కుదరదన్నారు. టీచర్లకి జీతాలెక్కడి నుంచి తేవాలని ఇప్పుడు వాట్సాప్‌లో అడుగుతున్నవాళ్ళలో సగం మంది ఆ రోజు ఓటుకి పోలేదు.

పుల్లట్టు

పోయినవాళ్ళు కూడా పన్ను పెంపంటే వద్దనే నొక్కి ఉంటారు. మనం మనమే.

మోడరేటర్

చర్చ బాగుంది, వ్యక్తుల మీదకి పోకండి. బోర్డు సభ్యుల పేర్లు, ఇంటి అడ్రసులున్న ఒక పోస్టు తీసేశాను.

లెక్కల_మాస్టారు

అమ్మాయి ఎనిమిదో తరగతి అన్నారు కాబట్టి రాజకీయం కన్నా ముందు ఈ లెక్క చూడండి. టెక్సస్‌లో 1997లో వచ్చిన చట్టం ప్రకారం హైస్కూల్లో పై ర్యాంకుల్లో ఉన్నవాళ్ళకి రాష్ట్ర యూనివర్సిటీల్లో ఆటోమేటిక్ సీటు. మొదట్లో పై పది శాతం. యూటీ ఆస్టిన్‌కి (ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీకి) మాత్రం విడిగా తగ్గిస్తూ వచ్చారు, చాలా ఏళ్ళు ఆరు శాతం, 2026లో చేరేవాళ్ళ నుంచి ఐదు.

ఇప్పుడు ఫ్రిస్కో చిన్న హైస్కూల్లో ఒక బ్యాచ్‌కి ఐదొందల మంది అనుకోండి. ఐదు శాతమంటే పాతికమంది. ఆ పాతికలోకి రావడానికి పోటీపడే పిల్లలు నూట యాభైమంది, అందరూ అడ్వాన్స్‌డ్ కోర్సులే తీసుకుంటారు. కొపెల్‌లో బ్యాచ్ పెద్దది, పాతిక కాదు, ఇంకా ఎక్కువమందికి చోటుంటుంది, పోటీ మాత్రం అంతే. సౌత్‌లేక్ కూడా అంతే. జీపీఏలో తేడా దశాంశం తర్వాత మూడో అంకెలో ఉంటుంది. ఎనిమిదిలో చదివిన ఆల్జీబ్రాకి హైస్కూల్ క్రెడిట్ వస్తే దాన్ని జీపీఏలో కలుపుతారా, ఏ కోర్సుకి ఎంత వెయిటేజి అన్నది జిల్లాకో పద్ధతి. వేరే రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళు ఇదే ముందు అడగాలి.

ఇంకోటి చాలామందికి తెలియదు. ఆటోమేటిక్ సీటు యూనివర్సిటీకే, మీరు కోరిన కోర్సుకి కాదు. ఐదు శాతంలో ఉండి కూడా కంప్యూటర్ సైన్స్ రాక వేరేదాంట్లో చేరిన పిల్లలు బోలెడుమంది. అమ్మాయికి సంగీతమో, జీవశాస్త్రమో ఇష్టమైతే ఈ గొడవ అంత లేదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌కి ఇప్పటికీ పది శాతమే, రిచర్డ్‌సన్‌లో యూటీ డాలస్ ఉంది.

అందుకే కొందరు కావాలని పోటీ తక్కువున్న జిల్లాకి మారతారు. నేనది సలహాగా చెప్పను. ర్యాంకు కోసం ఊరు ఎంచుకుంటే నాలుగేళ్ళూ ఆ పిల్ల ఆ ర్యాంకు కోసమే బతకాలి.

జెర్సీ_మూర్తి

ఇది ఆయన కాదు, ఆయన ఖాతాలోంచి నేను రాస్తున్నాను. నా టెన్షన్ ఆయన రాసినట్టు సౌత్‌లేక్ పేరు గురించి కాదు. మా అమ్మాయికి పదమూడు. క్లాసులో తనొక్కతే మన రంగులో ఉండటం నాకిష్టం లేదు. ముప్పైమందిలో ఇరవైమంది మనవాళ్ళే అయి, ప్రతి మార్కూ ఊరంతా తెలిసే చోటూ వద్దు. పెద్దయ్యాక గర్భస్రావం నిషేధం వల్ల డాక్టర్ల దగ్గర తనకి ఇక్కట్లొస్తాయేమోనని కూడా నాకు భయం ఉంది. అది ఊరు మారితే పోదని పాతకాపు గారు ఉన్నదున్నట్టు చెప్పారు, అది నయం. మిగిలినవాటిలో అయినా ఎంచుకునే వీలుంటే చెప్పండి.

సుధ_కొపెల్

అక్కా, ఇప్పుడు ప్రశ్న సరిగ్గా తెలిసింది. ఆ భయం నాకూ ఉంది, ఇద్దరూ ఆడపిల్లలే. దానికి సబర్బ్‌లో మందు లేదు. కాలేజీకి ఏ రాష్ట్రం పంపాలో అప్పుడు చూసుకుంటాం.

మిగతాది చెప్తాను. మా ఏరియాలో మనవాళ్ళు బాగానే ఉన్నారు, వ్యాలీ రాంచ్ సగం తెలుగే వినపడుతుంది. ఇర్వింగ్‌లో గాంధీ విగ్రహం ఉన్న పార్కు దగ్గరికి సాయంత్రం వెళ్తే అర్థమవుతుంది. హైస్కూలుకి వచ్చేసరికి కొపెల్ పాతకాలపు కుటుంబాలు, ఇర్వింగ్ పిల్లలు, డాలస్ అపార్ట్‌మెంట్ల పిల్లలు, అందరూ ఒకేచోట చేరతారు. తొమ్మిదో తరగతికి విడిగా క్యాంపస్ ఉంది, అందరూ అప్పుడే కొత్తగా కలుస్తారు. బయటినుంచి వచ్చే పిల్లకి ఇది చాలా మేలు. ప్రాజెక్టుల పద్ధతిలో చదువు ఇష్టమైతే న్యూ టెక్ అని ఇంకో చిన్న హైస్కూలు కూడా ఉంది.

లోపం కూడా చెప్పాలి కదా. విమానాశ్రయం నెత్తిమీదే. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు పెరట్లో కాసేపు నిలబడండి. రియల్టర్ లోపలికి రమ్మంటూనే ఉంటాడు, మీరు మాత్రం కదలకండి.

హెచ్4_లక్ష్మి

ఒక సందేహం. వీసా మీద ఉన్నవాళ్ళు టెక్సస్‌లో ఇల్లు కొనకూడదని చట్టం వచ్చిందని మా గ్రూపులో తిరుగుతోంది. నిజమేనా? హెచ్1బికి లక్ష డాలర్ల ఫీజు కూడా ఉంది కదా, ఇప్పుడు కొనడం తెలివైన పనేనా?

లెక్కల_మాస్టారు

లక్ష్మి గారూ, ఆ చట్టం 2025 సెప్టెంబరు నుంచి అమలులో ఉంది. చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకి సంబంధించినవాళ్ళ కొనుగోళ్ళ మీద. అందులో ఇండియా లేదు. లక్ష డాలర్ల ఫీజు 2025 సెప్టెంబరులో వచ్చింది, దేశం బయటున్నవాళ్ళకోసం వేసే కొత్త పిటిషన్లకి, ఇక్కడే ఉండి రెన్యూ చేసుకునేవాళ్ళకి కాదు.

అప్పు విషయంలో మాత్రం ఒక మార్పు నిజంగా వచ్చింది. 2025 మే నెలాఖరు నుంచి వీసా మీద ఉన్నవాళ్ళకి ఎఫ్‌హెచ్ఏ లోన్ (ప్రభుత్వం హామీ ఉండే ఇంటి అప్పు) లేదు. కన్వెన్షనల్ లోన్ (ప్రభుత్వ హామీ లేని మామూలు అప్పు) ఉంది. మూర్తి గారు డౌన్‌పేమెంట్ గట్టిగా పెడితే ఇబ్బంది ఉండదు. కాకపోతే ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి అరవై రోజులే గడువు. అరవై రోజుల్లో ఇల్లు అమ్మడం కుదరదు, అద్దెకిచ్చి పోవాలి. కొనేముందు ఆ ఇంటికి అద్దె ఎంతొస్తుందో, అది కిస్తీకి సరిపోతుందో చూసుకోవడం మనలాంటి వాళ్ళకి స్కూల్ రేటింగు కన్నా ముందు.

ప్లేనో_పాతకాపు

పన్ను గురించి ఎవరూ చెప్పలేదు. స్టేటు ఇన్‌కమ్ టాక్స్ లేదని సంబరపడతారు, ప్రాపర్టీ టాక్స్ బిల్లు వచ్చాక దిగుతుంది. సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ ఉంది, స్కూల్ పన్నులో 2023లో లక్ష, 2025లో లక్షా నలభై వేలు చేశారు. అంటే ఏడు లక్షల ఇంటికి ఐదు లక్షల అరవై వేల మీద లెక్క. స్కూల్ రేటు వంద డాలర్లకి డాలరూ పైన రెండు మూడు సెంట్లు అనుకున్నా దానికే ఐదువేల ఏడొందల పైన. దాని మీద సిటీ, కౌంటీ, కాలేజీ. కొపెల్ ఎక్కువగా డాలస్ కౌంటీలో ఉంది కాబట్టి పార్క్‌లాండ్ ఆసుపత్రి పన్ను కూడా పడుతుంది, కాలిన్ కౌంటీలో అది లేదు. సెలైనా, లిటిల్ ఎల్మ్ వైపు కొత్త కాలనీల్లో మడ్, పిడ్ (కాలనీ నీళ్ళు, రోడ్లలాంటి వాటికి వేసే అదనపు వసూళ్ళు) అని ఇంకో వాత. కొత్త ఇల్లు చవగ్గా కనపడితే ముందు అదడగండి. కొన్నాక ఎగ్జెంప్షన్‌కి దరఖాస్తు పెట్టడం, ప్రతి ఏడాదీ మే 15లోపు అప్రైజల్ (పన్ను కోసం కట్టే ఇంటి విలువ) మీద ప్రొటెస్ట్ చేయడం మర్చిపోవద్దు. ఏడాదికి పది శాతం మించి పన్ను విలువ పెంచకూడదని నిబంధన, అదీ హోమ్‌స్టెడ్ ఉంటేనే.

మీకు నా ఓటు పడమటి ప్లేనోకి. ఎవరూ అడగలేదు గానీ చెప్తున్నాను. తొంభైల నాటి ఇళ్ళు, పెద్ద చెట్లు, ఫ్రిస్కో కన్నా ధర తక్కువ, ఆఫీసు పక్కనే. అన్ని రంగులవాళ్ళూ ఉంటారు. తొమ్మిది, పది ఒక స్కూల్లో, పదకొండు, పన్నెండు సీనియర్ హైలో. 2022లో ప్లేనోలో రెస్టారెంట్ బయట మన ఆడవాళ్ళ మీద ఒకావిడ చేయిచేసుకున్న సంగతి మీరు చదివే ఉంటారు. పోలీసులు వెంటనే అరెస్టు చేశారు. అలాంటిది ఏ ఊళ్ళో జరగదని ఎవరూ హామీ ఇవ్వలేరు, జరిగాక ఊరేం చేసిందన్నది చూడాలి.

ఫ్రిస్కో_బాబాయ్

పాతకాపు గారూ, పాత ఇళ్ళు అమ్ముతున్నారా ఏమిటి? నల్లరేగడి నేల, తొంభైల ఇల్లంటే పునాది పగుళ్ళు చూపించుకోవాలి. తూర్పు ముఖం ఇళ్ళు ఎన్ని దొరుకుతాయి అక్కడ?

వరంగల్_పోరడు

కొత్తదైనా వడగళ్ళు పడితే రూఫ్ పోతది, ఇన్సూరెన్స్ డిడక్టిబుల్ (మన జేబులోంచి పెట్టుకునే భాగం) ఇంటి విలువలో ఒకటి రెండు శాతం ఉంటది. ఎనిమిది లక్షలకి లెక్కేసుకో బాబాయ్. తూర్పు ముఖానికి బిల్డర్ ఎక్కువ అడుగుతాడు, వడగళ్ళకి మాత్రం దిక్కుల్లేవు.

డ్రాగన్_నాన్న

మూర్తి గారూ, మీరు ఏ ఊరు అనుకున్నా, ఆ జిల్లా బోర్డు మీటింగులు ఆన్‌లైన్‌లో ఉంటాయి, ఒకటి రెండు పూర్తిగా చూడండి. ప్రజలు మాట్లాడే భాగం ముఖ్యం. ఎవరొచ్చారు, దేనికి కోప్పడ్డారు, సభ్యులు వింటున్నారా ఫోన్ చూసుకుంటున్నారా, అన్నీ తెలిసిపోతాయి. మా పక్క కెల్లర్ ఐఎస్‌డీని రెండుగా చీల్చాలని 2025 మొదట్లో బోర్డు బయల్దేరింది. మార్చిలో మానుకుంది. ఇల్లు కొని రెండేళ్ళు కానివాళ్ళ గుండెల్లో రాళ్ళు పడ్డాయి.

సుధ_కొపెల్

ఓటు లేకపోయినా అక్కడ పేరు రాయించుకుని మాట్లాడొచ్చు. స్కూలు మూసివేత మీద మాట్లాడినవాళ్ళలో వీసా మీద ఉన్న అమ్మలు చాలామంది. వచ్చిరాని ఇంగ్లీషు అయినా బోర్డు వాళ్ళు విన్నారు. స్కూలు ఆగలేదు గానీ పిల్లల బస్సు రూటు మార్పించుకున్నారు.

జెర్సీ_మూర్తి

ఈసారి నేనే. మూడు జిల్లాల మీటింగుల వీడియోలు ఇద్దరం కూర్చుని చూశాం. సౌత్‌లేక్ తీసేశాం, బడ్జెట్ ఒకటి, ఇంకోటి మా ఆవిడ మాట. ఫ్రిస్కో చుట్టాలకి ఇంకా చెప్పలేదు, ఆ ఫోన్ కాల్ ఎవరు చేస్తారో తేలాలి.

వెంటనే కొనట్లేదు. కొపెల్ ఐఎస్‌డీలోనే ఏడాది అద్దెకి ఉంటాం, వ్యాలీ రాంచ్‌లో చూస్తున్నాం. అమ్మాయి తొమ్మిదిలో చేరాక మళ్ళీ స్కూలు మార్చడం కుదరదు కాబట్టి కొన్నా అదే జిల్లాలో కొంటాం. మాస్టారు చెప్పినట్టు అద్దె లెక్క వేశాక, ఇప్పుడున్న వడ్డీ రేటుకి కిస్తీ ఎక్కడా అందట్లేదు. పాతకాపు గారూ, మీ పడమటి ప్లేనో మా ఆవిడకి నచ్చింది, కానీ రెండేళ్ళకి స్కూలు మారడం అమ్మాయి వద్దంటోంది.

చివరి ప్రశ్న సుధ గారికి: లీజుతో చేర్చుకుంటారా, ఏమేం కాగితాలు కావాలి?

సుధ_కొపెల్

చేర్చుకుంటారు. లీజు మీద మీ పేరు ఉండాలి, కరెంటు బిల్లో నీటి బిల్లో ఒకటి అదే అడ్రసుతో. పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు, టీకాల కాగితాలు. టెక్సస్‌లో ఏడో తరగతి నుంచి మెనింజైటిస్ టీకా అడుగుతారు, న్యూజెర్సీలో వేసే ఉంటారు, కాగితం మాత్రం డాక్టరు దగ్గర తీసుకుని రండి. అమ్మాయి ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆల్జీబ్రా పేరు స్పష్టంగా ఉండేలా అక్కడి కౌన్సెలర్‌తో రాయించుకోండి, ఏ క్లాసులో వేయాలన్నది దాన్నిబట్టే తేలుతుంది. ఇల్లు ఖాయం చేసేముందు ఆ వీధి అడ్రసు జిల్లా వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. ఇర్వింగ్‌లో నాలుగు వీధులు దాటితే జిల్లా మారిపోతుంది. ఇల్లు చూడటానికి వచ్చే వారం చెప్పండి, విమానాలు ఎటు దిగుతున్నాయో ఆ రోజు నేనూ వచ్చి చూపిస్తాను.